పుట్టినింటి నుంచి మెట్టినింటికి: రాణి లూవిసా దారిలో 11 రోజులు

నెదర్లాండ్స్ రాజకుటుంబంలో పుట్టి పరాయి దేశానికి పట్టపురాణిగా వెళ్ళిన ఆడపడుచు లూయీజ. స్వీడన్ వాళ్ళ నోట లూవిసా అయింది. 1828 ఆగస్టు 5న హేగ్‌లో పుట్టి, 1850లో స్వీడన్-నార్వే యువరాజు కార్ల్‌ను (తర్వాత పదిహేనో కార్ల్ రాజు) పెళ్ళాడి, 1859లో రాణి అయి, 1871లో 42వ ఏట స్టాక్‌హోమ్‌లో కన్నుమూసింది. ఆమె పుట్టిన ఊరి నుంచి కిరీటం పెట్టుకున్న గుడి దాకా వెళ్ళే దారి ఇది. విమానం ఎక్కకుండా మొత్తం రైల్లోనే పూర్తి చేయొచ్చు.

తేదీలు మాత్రం మనిష్టం వచ్చినట్టు పెట్టుకుంటే కుదరదు. స్టాక్‌హోమ్‌లోని రిద్దార్‌హోల్మెన్ చర్చి, నార్వేలోని ట్రాండ్‌హైమ్ రాజభవనం లాంటివి ప్రధానంగా వేసవిలోనే తెరుస్తారు. చాలామంది పెళ్ళి తేదీ జూన్ 19 కదా అని జూన్‌లో బయల్దేరతారు. జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం, మర్నాడు శనివారం స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండుగ. ఆ రెండు రోజులూ స్టాక్‌హోమ్ దాదాపు మూతపడిపోతుంది. అందుకని ఈ ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కకట్టాం. ఆగస్టు 5న ట్రాండ్‌హైమ్‌లో ఉండాలి, కాబట్టి జులై 26న హేగ్‌లో దిగాలి. ఆగస్టు 5నే ఎందుకో చివరి రోజున తెలుస్తుంది.

వీసా దగ్గర ఎక్కువమంది పొరబడేది ఒక చోట. ఐదు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా చాలు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. అయితే ముందు దిగేది నెదర్లాండ్స్‌లో కాబట్టి అక్కడికే దరఖాస్తు పెట్టాలనుకోవడం తప్పు. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి పెట్టాలి. ఈ పథకంలో నెదర్లాండ్స్ 2, జర్మనీ 1, డెన్మార్క్ 1, స్వీడన్ 4, నార్వే 3 రాత్రులు. కాబట్టి స్వీడన్‌కే పెట్టాలి. నార్వేలో ఒక రాత్రి పెంచితే 4-4 సమానమై లెక్క చిక్కుపడుతుంది, పెంచొద్దు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వేసవి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, ఫిబ్రవరిలోనే కదలాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సామాన్లలో నెయ్యి డబ్బా, పాలకోవా పెట్టొద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. ఆవకాయ పెట్టుకోవచ్చు కానీ చెక్-ఇన్ పెట్టెలోనే, రెండు పొరల కవరు చుట్టి.

మొదటి రోజు, జులై 26: హేగ్

స్కిపోల్ విమానాశ్రయం కింది నుంచే హేగ్‌కు రైలుంది, అరగంట పైచిలుకు. టికెట్ కొననక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటుకు తాకిస్తే చాలు. దిగేటప్పుడు మళ్ళీ అదే కార్డు తాకించాలి. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు కార్డు తాకిస్తే రెండు వేర్వేరు ప్రయాణాలుగా లెక్కేసి జరిమానా రేటు పడుతుంది. ఇద్దరు వెళ్తే రెండు కార్డులు కావాలి.

సాయంత్రం డచ్ పార్లమెంటు ఆవరణ బిన్నెన్‌హోఫ్ పక్క చెరువు గట్టున ఒక నడక చాలు. నడుస్తూ ఆమె వంశవృక్షం ఒకసారి మనసులో వేసుకోండి, ముందు ముందు పనికొస్తుంది. తండ్రి ఫ్రెడెరిక్, నెదర్లాండ్స్ మొదటి విలియం రాజుకు రెండో కొడుకు. తల్లి ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం కూతురు. ఆ ప్రష్యా రాజుకు స్వయానా చెల్లెలు ఫ్రెడెరిక్ తల్లి. అంటే ఫ్రెడెరిక్ చేసుకున్నది మేనమామ కూతుర్ని. మనకు బాగా తెలిసిన మేనరికమే.

రెండో రోజు, జులై 27: వాసెనార్, డెల్ఫ్ట్

లూయీజ పెరిగిన ఛాయలు ఇప్పటికీ మిగిలిన చోటు హేగ్ పక్కనున్న వాసెనార్. అక్కడి డి పావ్ అనే భవనాన్ని ఫ్రెడెరిక్ 1838లో కొన్నాడు, అప్పుడు పిల్లకు పదేళ్ళు. 1925 నుంచి అది ఊరి పురపాలక భవనం. లోపలికి వెళ్ళి గదులన్నీ తిరగొచ్చనుకుంటే నిరాశే. చూడాల్సింది చుట్టూ ఉన్న తోట, దానికి టికెట్ లేదు. వాసెనార్‌కు రైల్వే స్టేషన్ లేదని గుర్తుంచుకోండి. హేగ్ సెంట్రాల్ నుంచి బస్సే దిక్కు.

తోట గురించి ఒక మాట చెప్పాలి. ఫ్రెడెరిక్ తోటల పిచ్చి ఉన్నవాడు. 1846లో జర్మనీలో ముస్కావు అనే పెద్ద ఎస్టేటు కొన్నాడు. ఇప్పుడు అది జర్మనీ, పోలండ్ మధ్య పంచుకున్న యునెస్కో వారసత్వ ఉద్యానం. అక్కడి తోటల అధికారి పెట్సోల్డ్ చేతే వాసెనార్ తోటనూ దిద్దించాడు. చెట్ల గుంపుల మధ్య ఖాళీ వదిలి చూపు దూరానికి పరుగెత్తేలా చేయడం ఆ పద్ధతి. భవనం వెనక మెట్ల మీద నిలబడి చూస్తే అది తెలుస్తుంది. ఇంత డబ్బున్న ఇంటి పిల్ల కావడం వల్లే స్వీడన్ నుంచి సంబంధం వచ్చింది. స్వీడన్‌లో బెర్నదోత్ వంశం సింహాసనం ఎక్కింది 1818లోనే. కొత్త వంశానికి పాత రాజవంశంతో వియ్యమూ కావాలి, కట్నమూ కావాలి.

మధ్యాహ్నం హేగ్ నుంచి డెల్ఫ్ట్‌కు రైల్లో పావుగంట. న్యూవె కెర్క్ చర్చి నేల కింద డచ్ రాజవంశం ఒరాంజె వాళ్ళ సమాధులున్నాయి. లూయీజ తల్లిదండ్రులు ఇక్కడే. ఆ నేలమాళిగలోకి ఎవర్నీ పంపరు, దిగే చోటు రాతిపలక మాత్రం చూడొచ్చు. లూయీజ ఇక్కడ లేదు. అయినా ఈ పలక దగ్గర ఆగాలి. 1870 డిసెంబరు 6న తల్లి పోయింది. ఆ చలికాలం తల్లి కోసం పుట్టింటికి వచ్చిన రాణి, తిరిగి వెళ్ళాక ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. నాలుగు నెలలు తిరక్కుండా, 1871 మార్చి 30న ప్రాణం పోయింది. పుట్టింటికి అదే ఆఖరి రాక.

మూడో రోజు, జులై 28: హాంబర్గ్

ఇది రైలు రోజు. జర్మనీ సరిహద్దు దాటి, ఓస్నాబ్రూక్‌లో మారి హాంబర్గ్, దాదాపు 6 గంటలు. మారే చోట కనీసం 45 నిమిషాలు ఉండేలా టికెట్ తీసుకోండి, జర్మనీ వైపు రైళ్ళ ఆలస్యాలు మామూలే. మొత్తం దూరం ఒకే టికెట్‌గా కొంటే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి రైలెక్కే హక్కు ఉంటుంది. విడివిడిగా కొంటే ఆ ధీమా ఉండదు.

నాలుగో రోజు, జులై 29: కోపెన్‌హాగెన్ మీదుగా రోస్కిల్డె

హాంబర్గ్-కోపెన్‌హాగెన్ రైలు ఇంతకుముందు పడవెక్కి సముద్రం దాటేది. 2019 డిసెంబరు నుంచి జట్‌లాండ్ చుట్టూ తిరిగి వెళ్తోంది, ఐదు గంటలకు కాస్త తక్కువ. పాత బ్లాగులు చదివి పడవ కోసం ఎదురుచూడొద్దు. వేసవిలో సీటు రిజర్వేషన్ లేకుండా ఎక్కొద్దు. పొద్దున్నే బయల్దేరి, కోపెన్‌హాగెన్‌లో సామాను లాకర్లో పడేసి, లోకల్ రైల్లో అరగంట లోపు రోస్కిల్డె చేరాలి. డెన్మార్క్ రాజుల సమాధులున్న అక్కడి చర్చి మూసే వేళ చూసుకుని మరీ వెళ్ళాలి, సాయంత్రం దాకా ఆగదు.

లూవిసా కథలో డెన్మార్క్ ఎందుకంటే ఆమె కూతురు. లూవిసాకు ఇద్దరే పిల్లలు. 1851 అక్టోబరు 31న పుట్టిన ఆడపిల్లకు తల్లి పేరే పెట్టారు. మరుసటి ఏడు డిసెంబరులో పుట్టిన కార్ల్ ఆస్కర్ 1854 మార్చిలో, రెండేళ్ళు నిండకుండానే పోయాడు. తర్వాత సంతానం లేదు. అప్పటి చట్టంలో ఆడపిల్లకు సింహాసనం లేదు. కార్ల్ కూతురి కోసం ఆ చట్టం మార్పించాలని చూశాడు, సాగలేదు. 1872లో అతను పోగానే రాజ్యం తమ్ముడు ఆస్కర్‌కు వెళ్ళింది. వారసుణ్ణి ఇవ్వలేకపోయిన రాణి అని స్వీడన్ చరిత్రలో ఆమెను చాలాకాలం ఒక్క వాక్యంతో తేల్చేశారు.

ఆ వాక్యం ఎంత అన్యాయమో రోస్కిల్డెలో నిలబడితే తెలుస్తుంది. కూతురు లూవిసా 1869లో డెన్మార్క్ యువరాజు ఫ్రెడెరిక్‌ను (తర్వాత ఎనిమిదో ఫ్రెడెరిక్ రాజు) పెళ్ళాడి, 1906లో రాణి అయింది. ఆమె పెద్ద కొడుకు డెన్మార్క్ రాజు పదో క్రిస్టియన్. రెండో కొడుకు కార్ల్, 1905లో నార్వే సింహాసనమెక్కి ఏడో హాకొన్ అయ్యాడు. ఆమె కూతురు ఇంగెబోర్గ్ పిల్లల్లో ఆస్ట్రిడ్ బెల్జియం రాణి. ఆస్ట్రిడ్ కూతురు లక్సెంబర్గ్ ఇంటి కోడలు. లెక్క తేలితే నేటి డెన్మార్క్, నార్వే, బెల్జియం, లక్సెంబర్గ్ పాలక కుటుంబాలు నాలుగూ ఈ డచ్ ఆడపడుచు సంతతే. పుట్టినిల్లు నెదర్లాండ్స్‌లోనూ మెట్టినిల్లు స్వీడన్‌లోనూ మాత్రం సింహాసనం మీద ఆమె రక్తం లేదు.

చర్చిలో తొమ్మిదో క్రిస్టియన్ పేరున్న ప్రార్థనాగృహానికి వెళ్ళండి. జాగ్రత్త, అక్కడ ఇద్దరు లూయీజలున్నారు. తొమ్మిదో క్రిస్టియన్ పక్కనున్నది అతని భార్య, హెస్సె నుంచి వచ్చిన లూయీజ. మనకు కావలసినామె ఎనిమిదో ఫ్రెడెరిక్ పక్కన ఉంది. మొదటామె రెండో ఆమెకు అత్తగారు.

ఐదో రోజు, జులై 30: స్టాక్‌హోమ్‌కు

కోపెన్‌హాగెన్ నుంచి మాల్మో నలభై నిమిషాల లోపు, సముద్రం మీది వంతెన దాటి. అవతల హ్యూల్లీ స్టేషన్లో పాస్‌పోర్టులు అడగొచ్చు, పెట్టె అడుగున పెట్టొద్దు. మాల్మో నుంచి స్టాక్‌హోమ్ నాలుగున్నర గంటలు. భర్త కార్ల్ 1872లో చనిపోయింది ఈ మాల్మోలోనే. స్టేషన్ దగ్గర ఫలాఫెల్ (శనగ వడలు) దొరుకుతుంది, ఈ ఊరు దానికి పేరుమోసింది. శాకాహారులకు దారి మొత్తంలో ఇంత చవకగా కడుపు నిండే చోటు ఇంకొకటి ఉండదు. స్వీడన్‌లో నోట్లు మార్చుకోవద్దు, చాలా దుకాణాలు నగదు తీసుకోవు.

ఆరో రోజు, జులై 31: పెళ్ళి జరిగిన చర్చి

పాతబస్తీ గామ్లా స్తాన్‌లో స్తూర్‌షిర్కాన్ చర్చి, ఎదురుగా రాజభవనం. పొద్దున చర్చి తెరవగానే వెళ్తే గుంపులుండవు. 1850 జూన్ 19న పెళ్ళీ, 1860 మే 3న స్వీడన్ రాణిగా పట్టాభిషేకమూ ఈ ఒక్క కప్పు కిందే జరిగాయి. పదేళ్ళ ఎడంలో ఒకే పీఠం ముందు రెండుసార్లు నిలబడింది. ఆ మధ్యలో కొడుకును పోగొట్టుకుంది, భర్త పరాయి ఆడవాళ్ళ వెంట తిరగడం చూసింది.

రాజభవనంలో ఖజానా నేలమాళిగలో ఉంది, ఫొటోలు తీయనివ్వరు. ప్రభుత్వ విందులుంటే భవనం గదులు ముందు చెప్పకుండా మూస్తారు. ఆ రోజు ఉదయమే వెబ్‌సైటు చూసి బయల్దేరండి. కాపలా మారే తంతు మామూలు రోజుల్లో 12:15కు, ఆదివారం 13:15కు.

ఏడో రోజు, ఆగస్టు 1: రిద్దార్‌హోల్మెన్, కుంగ్స్‌హోల్మెన్

రిద్దార్‌హోల్మెన్ చర్చి గామ్లా స్తాన్ మెట్రో నుంచి ఐదు నిమిషాల నడక. ఇనుప జాలీలా కనిపించే గోపురం పోత ఇనుముదే, 1835లో పిడుగు పడి పాతది కాలిపోయాక పెట్టారు. ఇప్పుడిక్కడ ప్రార్థనలు జరగవు, రాజుల సమాధుల చోటు ఇది. బెర్నదోత్ వంశపు భాగాన్ని 1858-60లో కట్టారు. లూవిసా, కార్ల్, పసివాడు కార్ల్ ఆస్కర్, ముగ్గురూ ఈ చర్చిలోనే. పెద్ద ఎర్రని పోర్ఫిరీ రాతి పేటిక చూసి కార్ల్‌దే అనుకుంటారు. అది అతని తాత, మొదటి బెర్నదోత్ రాజు పద్నాలుగో కార్ల్ యొహాన్‌ది.

గోడల నిండా రంగు వేసిన రాగిపలకలుంటాయి. స్వీడన్‌లో అత్యున్నతమైన సెరాఫిమ్ బిరుదు పొందినవాళ్ళ వంశచిహ్నాలవి. ఆ బిరుదున్నవాళ్ళు పోయాక పలక ఇక్కడికి చేరుతుంది. అంత్యక్రియల రోజు మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా ఈ చర్చి గంట మోగుతుంది. ఒక్కో పలక కింద పేరూ, పోయిన తేదీ రాసి ఉంటాయి. వందల పలకలున్నాయి, మెడ నొప్పెడుతుంది, అయినా ఒక వరుస చదవండి. యూరప్ రాజకీయాలు ఒక శతాబ్దం పాటు ఆ వరుసలో కనిపిస్తాయి.

మధ్యాహ్నం కుంగ్స్‌హోల్మెన్ దీవికి నడవండి. యువరాణి లూవిసా పేరుతో పిల్లల ఆసుపత్రి 1854లో మొదలైంది ఇక్కడే, మూతపడింది 1970లో. కొడుకు పోయిన సంవత్సరమూ 1854యే. ఆమె పేరు జనం నోట రోజూ నిలిచింది కిరీటం వల్ల కాదు, ఈ ఆసుపత్రి వల్లే. సాయంత్రం వేళ ఉంటే నేషనల్ మ్యూజియంకు వెళ్ళండి. కార్ల్ తన చిత్రాల సేకరణను వీలునామాలో దానికి రాసిచ్చాడు. సోమవారం సెలవు.

ఎనిమిదో రోజు, ఆగస్టు 2: ఉల్రిక్స్‌దాల్

ఎర్ర మెట్రో లైనులో బెర్యస్‌హామ్రా దిగి, బస్సులోనో కాలినడకనో చెరువు లాంటి సముద్రపాయ ఒడ్డునున్న ఉల్రిక్స్‌దాల్ భవనానికి చేరాలి. కార్డు ఒకసారి తాకిస్తే 75 నిమిషాలు, మెట్రో నుంచి బస్సెక్కినా అదే టికెట్. భవనం లోపల గైడుతోనే చూపిస్తారు, వేళలు ముందే చూసుకోవాలి.

ఈ దారిలో జనం ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఒకే ఆవరణలో ముగ్గురు లూవిసాల ఆనవాళ్ళున్నాయి. గేటు దగ్గర కాన్ఫిడెన్సెన్ అనే రంగశాల 1753 నాటి రాణి లూవిసా ఉల్రికాది. ప్రష్యా నుంచి వచ్చిన వేరే ఆమె. లోపల కార్ల్ మాల్మ్‌స్టెన్ చేసిన కుర్చీలూ బల్లలతో అందరూ మెచ్చుకునే హాలు 1923 నాటిది, ఆరో గుస్తాఫ్ అడాల్ఫ్ భార్య లూయీజ మౌంట్‌బాటన్‌ది. మన లూవిసా కాలం ఈ రెండిటి మధ్యది. ఈ ఇల్లు 1822 నుంచి 1849 దాకా గాయపడిన సైనికుల ఆశ్రమంగా ఉండి పాడుబడితే, కార్ల్ తీసుకుని వాస్తుశిల్పి షోలాండర్ చేత బాగుచేయించాడు. గైడును "పదిహేనో కార్ల్ గదులు ఏవి?" అని అడగండి. "లూవిసా గది" అని అడిగితే మాల్మ్‌స్టెన్ హాలే చూపిస్తారు.

బయట ఇటుక చర్చి 1864-65లో షోలాండర్ కట్టింది. మెట్లమెట్లుగా పైకి లేచే ముఖభాగం, ఎర్ర ఇటుకల మధ్య లేత రాతి పట్టీలు. డెల్ఫ్ట్‌లో ఆరు రోజుల క్రితం చూసిన ఇళ్ళు గుర్తొస్తాయి. అది డచ్ పునరుజ్జీవన శైలే. ఇల్లాలి పుట్టినింటి పోకడ మెట్టినింటి పెరట్లో ఇటుకలుగా నిలిచిన చోటు ఈ దారిలో ఇదొక్కటే. పొద్దు వాలేటప్పుడు నీళ్ళ వైపు నుంచి చూడండి.

తొమ్మిదో రోజు, ఆగస్టు 3: ఓస్లో

స్టాక్‌హోమ్ నుంచి ఐదున్నర, ఆరు గంటల రైలు. వేసవిలో పట్టాల పనులు పెట్టుకుంటారు, కొంత దూరం బస్సు ఎక్కించొచ్చు. రాజభవనం బయటి నుంచి చూస్తే చాలు. 1856-57లో కార్ల్ నార్వేలో రాజప్రతినిధిగా ఉన్నాడు.

పదో రోజు, ఆగస్టు 4: డోవ్రె కొండల మీదుగా

ఓస్లో-ట్రాండ్‌హైమ్ దాదాపు 7 గంటలు, దారి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. ఆగస్టులోనూ స్వెటర్ చేతిలో ఉంచుకోండి. 2023 ఆగస్టు తుపానుకు ఈ దారిలో రాండ్‌క్లెవ్ వంతెన కూలిపోయి, 2024 మే దాకా రైళ్ళు సరిగా నడవలేదు. వర్షాలు గట్టిగా పడితే ముందురోజే రైలు స్థితి చూడాలి. ఈ లైను 1921 నాటిది. 1860లో రాజదంపతులకు ట్రాండ్‌హైమ్ దాకా రైలే లేదు.

జులై చివర్న సెయింట్ ఓలావ్ ఉత్సవాలతో హోటల్ ధరలు పెరుగుతాయి, నాలుగైదు నెలల ముందే గది పట్టుకోవాలి.

పదకొండో రోజు, ఆగస్టు 5: నిదారోస్

1860 ఆగస్టు 5న, తన 32వ పుట్టినరోజునే, లూవిసా ట్రాండ్‌హైమ్‌లోని ఈ నిదారోస్ చర్చిలో నార్వే రాణిగా కిరీటం పెట్టుకుంది. ఆమెకు ముందు బెర్నదోత్ రాణులిద్దరికీ ఆ యోగం లేదు. పద్నాలుగో కార్ల్ యొహాన్ భార్య దెసిదేరియా, అత్తగారు జోసెఫినా క్యాథలిక్కులు, ఈ చర్చి లూథరన్. దెసిదేరియా కోసం 1830లో చేయించిన రాణి కిరీటం 30 ఏళ్ళు అలాగే ఉండిపోయింది. దాన్ని మొదట పెట్టుకున్నది డచ్ ప్రొటెస్టెంటు ఇంటి పిల్ల లూవిసా.

చర్చిలోకి వెళ్ళాక పడమటి ముఖద్వారం విగ్రహాల ముందు ఫొటోలతోనే పొద్దు గడిపేయొద్దు. ఆ విగ్రహాలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దానివి. ఇప్పుడు మనం నడిచి వెళ్ళే పొడవాటి మధ్యమండపం లూవిసా రోజుల్లో పైకప్పు లేని శిథిలం. పునర్నిర్మాణం మొదలైందే 1869లో, మండపం పూర్తయింది 1930లో. కాబట్టి నేరుగా తూర్పు చివరకు, గాయకుల భాగం దాటి ఎనిమిది మూలల గర్భగుడి వైపు వెళ్ళండి. పాత సబ్బురాయి అక్కడ దగ్గరగా కనిపిస్తుంది. మెత్తని రాయి కావడంతో మధ్యయుగపు శిల్పులు ఉలితో చెక్కిన గుర్తులు ఇంకా మిగిలాయి. ఆమె నడిచింది ఈ భాగంలో.

పక్కనే ఆర్చిబిషప్ భవనంలో కిరీటాల ప్రదర్శన ఉంది. చర్చికి, దీనికి కలిపి ఒకే టికెట్ అడగండి. ముందు చర్చి చూడండి, మధ్యాహ్నం కచేరీలుంటే మూసేస్తారు. ఊళ్ళో చెక్క రాజభవనం స్టిఫ్ట్స్‌గోర్దెన్, 140 గదులది, పట్టాభిషేకాలప్పుడు రాజుల విడిది. ఆగస్టు మూడో వారం తర్వాత లోపలికి పంపరు.

అద్దం వెనక ఉన్న కిరీటాల్లో రాణిది కూడా ఉంది. దాన్ని పెట్టుకున్నవాళ్ళు ముగ్గురే. 1860లో లూవిసా, 1873లో ఆమె తోడికోడలు సోఫియా, 1906 జూన్ 22న రాణి మాడ్. మాడ్‌తో పాటు ఆ రోజు రాజు కిరీటం పెట్టుకున్న ఏడో హాకొన్, లూవిసా కూతురి కొడుకు.